బాల్ మోర్తాడ్ పిల్లకియ్యి

ఆమె మా గ్రౌండుకు మొదటిసారి వచ్చిన సాయంత్రానికి ఆర్మూరులో బాస్కెట్‌బాల్ అందరికంటే బాగా ఆడే అమ్మాయిని నేనే. గొప్పకు చెప్పడం లేదు. ఊళ్లో ఆ ఆట ఆడే ఆడపిల్లలమే పది పన్నెండు మందిమి. కబడ్డీ పోటీ పెడితే జనం గోడలెక్కి చూసేవారు. మా ఆటకు మా సారు ఒక్కరే ప్రేక్షకుడు. పాత హైస్కూలు వెనక ఒక సిమెంటు కోర్టు, రెండు ఇనుప స్తంభాలు, వాటిలో ఒకదానికి ముందుకు వంగిపోయిన రింగు. పసుపు పంట రోజుల్లో పక్క ఖాళీ జాగాలో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ములు తిరిగేవి. ఆ పొడి గాలికి లేచి మా కోర్టు మీద పడేది. చీపుళ్లతో ఊడ్చుకొని ఆడేవాళ్లం. అయినా కాళ్లు జారేవి, సాక్సులు పచ్చబడేవి, ఇంటికి పోతే అమ్మ తిట్టేది.

ఆ సాయంత్రం సారు ఒక పొడుగాటి పిల్లను వెంటబెట్టుకొని వచ్చారు. రెండు జడలు, మడమల పైకి పోయిన స్కూలు ప్యాంటు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు.

"గీ పిల్ల మోర్తాడ్ నుంచి బస్సుల వస్తది. తొమ్మిదో తరగతి," అన్నారు సారు. "బస్టాండుల కనవడ్డది. గింత పొడుగున్న పిల్లను ఊకె ఇడిశిపెడితె పాపం తగులుతది. కెప్టెన్, నువ్వే నేర్పాలె."

నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. జట్టులో అందరికన్నా పొట్టిదాన్ని, అందరికన్నా వేగం ఉన్నదాన్ని. కొత్త పిల్ల వైపు బంతి విసిరాను. ఆమె చేతులు కలిపేలోపే అది ముక్కుకు తగిలింది. రక్తం వచ్చింది. అందరం నవ్వాం. ఆమె కూడా ముక్కు పట్టుకొని నవ్వింది.

"ఇంకోపారి ఎయ్యి అక్కా," అంది.

అప్పటినుంచి అందరికీ ఆమె మోర్తాడ్ పిల్లే. పేరు పిలిచినట్టు గుర్తు లేదు. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. తండ్రి దుబాయ్‌లో ఉండేవాడు. మా వైపు దుబాయ్ అంటే ఒక ఊరు కాదు, ఎడారి దేశాలన్నీ దుబాయే. ఆయన నిజానికి సౌదీలో ఏదో కట్టుబడి పనిలో ఉండేవాడు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. శనివారం ఆమె గ్రౌండుకు వచ్చి, బాపు ఇట్లన్నడు, బాపు అట్లన్నడు అని వింటున్నామా లేదా అని చూడకుండా చెప్పుకుంటూ పోయేది.

నేర్పించడం నాకు ఇష్టంగానే ఉండేది. రింగుకు వీపు పెట్టి నిలబడడం, ఒక కాలు మేకు కొట్టినట్టు ఉంచి రెండో కాలితో తిరగడం, మోచేతులు బయటికి పెట్టి బంతిని గడ్డం కింద దాచుకోవడం. చెప్పింది చెప్పినట్టు చేసేది. చేసి నా ముఖం చూసేది. బస్సు టైము అయ్యేదాకా వదిలేది కాదు. సారు లైను గీసి, "గింతవరకె," అంటే అంతవరకే పోయి నిలబడేది. మొదటి ఏడాది ఆమె ఎవరినీ ఓడించలేదు. ఆమెను చూసి నాకు భయం వేయలేదు.

రెండో ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం, ప్రాక్టీసులో ఆమెను ఆపే పని నాకు పడింది. రింగుకు వీపు పెట్టి బంతి అందుకుంది. నేను వెనకనుంచి నడుముకు ఆనుకొని నిలబడ్డాను. ఎడమ భుజం కదిలింది. ఎడమకు పోయాను. అప్పటికే ఆమె కుడివైపు తిరిగి బంతిని బోర్డుకు తగిలించి వేసేసింది. మళ్లీ బంతి వచ్చింది. ఈసారి కుడికి కాచుకున్నాను. ఎడమనుంచి పోయింది. సారు ఇంకొకరిని తోడు పంపారు. తర్వాత మూడో పిల్లను పంపారు. ముగ్గురం ఆమె మీద పడ్డాం, చేతులు పట్టుకున్నాం, డ్రెస్సు పట్టి లాగాం. ఆమె మా అందరినీ మోసుకుంటున్నట్టు పైకి లేచి, మెత్తగా, ఎవరి ఒళ్లోనో పసిపిల్లను పడుకోబెట్టినట్టు బంతిని రింగులో వదిలింది. సారు నోట్లో విజిల్ అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు. ఆరో తరగతి నుంచి నేను ఆ కోర్టును పట్టుకొని వేలాడాను. వానలో ఆడాను, జ్వరంలో ఆడాను. ఆటతోనే ఏదో ఒకటి అవుతానని, స్పోర్ట్స్ కోటాలో ఎక్కడో ఒకచోట సీటు వస్తుందని ఇంట్లో వాదించాను. నా అన్నేళ్ల కష్టాన్ని ఆమె రెండో ఏడాదికే దాటిపోయింది. ఆ దాటిపోవడంలో కష్టపడినట్టు కూడా లేదు.

"ఏమైందే, కడుపుల నొస్తున్నదా?" అని అడిగింది అమ్మ.

చెప్పాను. అమ్మ విని, "ఆటనే గదా బిడ్డా," అంది. ఆ మాటకే ఏడుపొచ్చింది.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందు ఆమె తండ్రి ఫోన్లు ఆగిపోయాయి.

మొదట ఆమె ఏమీ చెప్పలేదు. శనివారం వచ్చింది, బాపు మాట ఎత్తలేదు. తర్వాతి శనివారం కూడా ఎత్తలేదు. నేనే అడిగాను.

"బాపు ఫోన్ చేస్తలేడు అక్కా. మేం జేస్తె స్విచ్ఛాఫ్ వస్తున్నది."

"ఫోన్ పాడైందేమో."

"అమ్మ గూడ గదే అంటున్నది. అని ఏడుస్తున్నది."

వాళ్లమ్మ ఆయన్ను పంపిన ఏజెంటు దగ్గరికి పోయింది. కంపెనీ మారిండు, జర ఓపిక పట్టు అన్నాడతను. మళ్లీ పోతే తాళం వేసి ఉంది. ఊళ్లో సెలవుకు వచ్చిన వాళ్లను ఇంటింటికీ తిరిగి అడిగింది. ఆ కంపెనీ మూతపడ్డదని ఒకరన్నారు. క్యాంపు ఖాళీ చేయించారు, మనుషులు తలో దిక్కు పోయారని ఇంకొకరన్నారు. బతికి ఉన్నాడని గాని లేడని గాని ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో పండుగ లేదు, పనీ ఆగలేదు. బీడీల చాట ముందు కూర్చున్న ఆ తల్లి వేళ్లు వాటంతట అవే తిరిగేవి, కళ్లు ఫోన్ మీద ఉండేవి.

ఒక సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మోర్తాడ్ పిల్ల నా పక్కన కూర్చొని అడిగింది.

"అక్కా, పేపర్ల నా ఫోటో పడాలంటె ఏం జెయ్యాలె?"

"ఫోటో ఎందుకే?"

"గక్కడ క్యాంపులల్ల మనోళ్లంత ఫోన్ల మన జిల్లా పేపర్ సూస్తరట. మా పక్కింటి మామ చెప్పిండు. ఎవ్వలో ఒకలు సూస్తరు. గీ పిల్ల బాపు నాకెరుకే అంటరు. లేకుంటె బాపే సూస్తడు."

"జిల్లా టీముకు ఎక్కితె అందర్ని నిలవెట్టి ఫోటో దీస్తరు."

"అందర్ల గాదు. ఒక్కదాన్నే వడాలె. గుంపుల ఉంటె బాపు నన్ను గుర్తువట్టడు. ఆయన పోయినప్పుడు గింతే ఉంటి," అని తన భుజం కింద చెయ్యి పెట్టి చూపించింది. "ఇప్పుడు మస్తు పొడుగైన."

ఒక్కదాని ఫోటో పడాలంటే మ్యాచ్‌లో సగం పాయింట్లన్నా ఒక్కదానివే వేయాలి అన్నాను. నవ్వుతుందనుకున్నాను. తల ఊపింది.

ఆ తర్వాత ఆమె ఆట మారిపోయింది. మారిపోయింది అంటే చాలదు. అంతకుముందు చెప్పినంత చేసే పిల్ల, ఇప్పుడు బంతి ఎక్కడుంటే అక్కడికి పోయి లాక్కునేది. రింగు తగిలి తిరిగి వచ్చే ప్రతి బంతి తనదే. మా చేతుల్లోంచి కూడా గుంజుకునేది. పక్కన ఎవరున్నారో చూసేది కాదు. ఒకసారి నా చేతిలోని బంతిని అలా లాక్కున్నప్పుడు నా ఉంగరపు వేలు వెనక్కి విరిగింది. నేను అరిచాను. ఆమె అప్పటికే బోర్డు కింద గాల్లో ఉంది. సారు పరుగెత్తుకొచ్చి నన్ను దవాఖానకు తీసుకుపోయారు. మరునాడు కట్టుతో వెళ్తే ఆమె నా చేతిని చూసి, "ఏమైందక్కా?" అని అడిగింది. నిజంగానే ఆమెకు తెలియదు. ఆ వేలు ఇప్పటికీ వంకరే.

కోపం రాలేదని చెప్పలేను. సారుతో అన్నాను, ఆమెను జర ఆపండి, లేకపోతే నేను మానేస్తానని. సారు జారిన నా వేలి కట్టును సరిచేశారు.

"నువ్వు మానేస్తె దానికి బాల్ ఎవ్వలిస్తరు బిడ్డా? వేరేటోళ్లు ఇచ్చేది దానికందుతలేదు. నీదే అందుతది," అన్నారు.

అది పొగడ్తో, శిక్షో నాకు తెలియలేదు. ఆనాటినుంచి మా జట్టు ఆటంతా ఒకే మాట అయింది. సారు గీత బయట నిలబడి, "బాల్ మోర్తాడ్ పిల్లకియ్యి!" అని అరిచేవారు. నేను ఇచ్చేదాన్ని. ఆమె వేసేది. నేను రింగు వైపు చూడడమే మరచిపోయాను. రోజులు గడిచేకొద్దీ ఆమె చెయ్యి ఎక్కడికి లేస్తుందో కళ్లు మూసుకున్నా చెప్పగలిగేదాన్ని.

జిల్లా పోటీల్లో ఆమె ముందు ఎవరూ నిలబడలేదు. ఇద్దరు కాపలా కాస్తే ఇద్దరి మీదుగా వేసింది. గోళ్లతో రక్కారు, మోచేత్తో డొక్కలో పొడిచారు. ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి ముంజేతి మీది రక్తాన్ని షార్టుకు తుడుచుకొని వేసింది. అవతలి జట్టు కోచ్ చివరికి తన పిల్లలను తిట్టడం కూడా మానేశాడు. మేం గెలిచాం. పేపర్లో ఫోటో పడింది, ఒక్కదానిదే, గాల్లో ఉన్నది. సారు ఫోన్లో తీసిన వీడియో ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి పోయి, మా ఊళ్ల మీదుగా ఎడారి దేశాలకు కూడా పోయింది.

అనుకున్నట్టే ఫోన్ వచ్చింది. రియాద్ నుంచి ఎవరో. వీడియో చూసిన, మీ ఆయన మా పక్క రూముల్నే ఉంటడు, పాణం మంచిగనే ఉన్నది, ఫోన్ పోయింది గంతే, సాయంత్రం డ్యూటీ నుంచి రాంగనే మాట్లాడిపిస్త అన్నాడు. వాళ్లమ్మ వాడకట్టంతా తిరిగి చెప్పింది. మోర్తాడ్ పిల్ల ఆ రోజు స్కూలుకు రాలేదు, ప్రాక్టీసుకూ రాలేదు. సాయంత్రం నేను ఉండబట్టలేక ఫోన్ చేశాను. వాళ్లమ్మ ఎత్తింది. వెనక జనం సందడి వినిపించింది. లైన్ ఖాళీగా ఉండాలె బిడ్డా, పెట్టెయ్యి అంది.

ఫోన్ వచ్చింది. వీడియో కాల్. తెర మీద కనిపించింది మోర్తాడ్ దగ్గరి ఇంకో ఊరి మనిషి. ఇంటిపేరు కలిసింది, అంతే. అతనూ బెదిరిపోయి, చెల్లె, నేను గాదమ్మా, నేను గాదు అన్నాడట. ఆ మనిషి తప్పు లేదు, ఫోన్ చేసినవాడి తప్పూ లేదు. మంచి చేయబోయారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ చూడకుండా ఇళ్లకు పోయారని మరునాడు గ్రౌండులో మోర్తాడ్ పిల్ల నాతో చెప్పింది. చెప్పి, బంతి అందుకుంది.

"స్టేట్ వీడియో ఇంకెక్కువ మంది సూస్తరు గదా అక్కా?"

అవునన్నాను.

రాష్ట్ర పోటీలు హన్మకొండలో జరిగాయి. పెద్ద స్టేడియం, చెక్క నేల, మెరిసే లైట్లు. మాలో కొందరం చెక్క నేల మీద కాలు పెట్టడమే మొదటిసారి. మోర్తాడ్ పిల్ల నేలనూ చూడలేదు, లైట్లనూ చూడలేదు. ప్రతి మ్యాచ్ ముందు ఒకటే అడిగేది, వీడియో ఎవరు తీస్తున్నారని. ఒక్కో జట్టూ ఒక్కో ఉపాయంతో వచ్చింది. చుట్టూ గోడ కట్టారు. బంతి అందకుండా ముందు ఒకరు, వెనక ఒకరు నిలబడ్డారు. ఆమె గోడ వెనక నుంచే చెయ్యి లేపేది. ఆ చేతికి బంతి పంపడమే నా పని. సెలెక్టర్లు వచ్చి సారు పక్కన కూర్చున్నారు. ఆ పొడుగు పిల్ల వయసెంత, ఎత్తెంత, తల్లిదండ్రులెవరు అని అడిగారు. నన్ను గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఇక అడగరని ఆ బెంచీ మీదనే నాకు అర్థమైంది. నీళ్ల సీసా మూత తిప్పుతూ, తిప్పుతూ కూర్చున్నాను.

ఫైనల్ రోజు పొద్దున టిఫిను తింటుంటే సారు ఫోన్ మోగింది. మోర్తాడ్ పిల్ల తల్లి. సారు లేచి పక్కకు పోయారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖం చూసి అందరం చేతులు ఆపాం.

"నీతో మాట్లాడుతదట," అని ఫోన్ ఆమెకు ఇచ్చారు.

ఆమె విన్నది. ఊఁ అంది. ఇంకోసారి ఊఁ అంది. ఫోన్ తిరిగి ఇచ్చేసి, చేతిలోని ఇడ్లీ ముక్కను ప్లేటులో పెట్టింది.

గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసే సంఘం మనిషి ఒకాయన దమ్మామ్‌లోని దవాఖానల్లో మన వాళ్లెవరైనా ఉన్నారేమోనని వెతుకుతూ ఆయన్ను చూశాడట. పక్షవాతం. నెలలుగా అక్కడే పడి ఉన్నాడు. మాట లేదు, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న సేటు దగ్గర ఉండిపోయింది, ఆ సేటు ఎక్కడున్నాడో తెలియదు. పేరు లేని మనిషిగా మంచం మీద ఉన్నాడు. ముంజేతి మీది పచ్చబొట్టులో తెలుగు అక్షరాలుంటే దాన్ని ఫోటో తీసి మన ఊళ్ల గ్రూపుల్లో పెట్టారు. అది ఆయన భార్య పేరు. వాడకట్టు వాళ్లే గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చారు. కాగితాలు తయారయ్యేదాకా కదిలించడానికి లేదు. ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం అన్నారు.

"నడువు బిడ్డా, ఇంటికి పోదాం," అన్నారు సారు. "మ్యాచ్ పోతె పోనీ. నేను తోలుకపోత."

"ఇంటికి పోతె ఆడ బాపు ఉంటడా సార్?" అంది. గట్టిగా అనలేదు.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

నేను ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పి బతుకుతున్నాను. ఎన్నో మ్యాచ్‌లు చూశాను, పెద్ద పెద్ద ఆటగాళ్లను దగ్గరి నుంచి చూశాను. ఆ రోజు చూసిన ఆట మళ్లీ చూడలేదు, చూడాలనీ లేదు. విజిల్ పడింది మొదలు బంతి ఆమెదే. అవతలిది నగరం జట్టు, బలమైన జట్టు. బోర్డు కింద సెంటర్‌గా ఆడే వాళ్ల అమ్మాయి ఆమెకు సమానమైన ఎత్తు, బరువులో ఎక్కువ. మొదటి పది నిమిషాల్లోనే ఆ అమ్మాయి రొప్పడం మొదలుపెట్టింది. మోర్తాడ్ పిల్ల ఇటు బోర్డు కింద పాయింటు వేసి, మేము సగం కోర్టు దాటేలోపు అటు బోర్డు కింద వాళ్ల షాటును కొట్టి పడేసేది. పడ్డ బంతిని తనే అందుకొని, తనే పరుగెత్తి, తనే వేసేది. నా పాసు కోసం ఆగలేదు. మొదట జనం కేకలు వేశారు. తర్వాత కేకలు తగ్గాయి. ఒక దశలో చెక్క నేల మీద బూట్ల కీచుమన్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

మూడో క్వార్టర్ అయ్యేసరికి మ్యాచ్ అయిపోయినట్టే. వాళ్ల సెంటర్ ఐదు ఫౌళ్లతో బయటికి పోయింది. మిగతా పిల్లలు ఆమె దగ్గరికి రాకుండా దూరంగా నిలబడ్డారు. ఒక పిల్ల ఏడుస్తూ ఆడుతోంది. సారు మోర్తాడ్ పిల్లను బయటికి రమ్మని సైగ చేశారు. చూడలేదు. టైమ్ అవుట్ తీసుకున్నారు. ఆమె బెంచీ దాకా వచ్చింది గాని కూర్చోలేదు. పెదవులు తెల్లబారి ఉన్నాయి. తొడలు వణుకుతున్నాయి. నేను నడుము చుట్టూ చేతులేసి పట్టుకున్నాను.

"కూసో. గెలిచినం. ఇంక సాలు."

"ఇడువక్కా."

"ఎవ్వల మీదనే నీ కోపం? గా పిల్లలేం జేసిండ్రు?"

"కోపం గాదక్కా. ఆపితె యాదికొస్తది. ఆడేటప్పుడు యాదికొస్తలేదు. గీ ఒక్కపారి ఆపకుండ్రి."

సారు విన్నారు. పక్కకు తిరిగారు. ఆమె మళ్లీ కోర్టులోకి పోయింది. నేను వెంట పోయాను. ఇప్పుడామెకు పరుగెత్తే శక్తి లేదు. రింగు కింద నిలబడి చెయ్యి లేపేది, అంతే. నేను ఆ చేతికి బంతి పంపాను. వేసింది. మళ్లీ పంపాను. గెలిచిన మ్యాచ్‌లో, ఏడుస్తున్న పిల్లల మీద, ఆట పూర్తయ్యేదాకా నేను బంతి పంపుతూనే ఉన్నాను. ఆమెకు నేను చేయగలిగింది అదొక్కటే.

చివరి హారన్ మోగింది. మా వాళ్లు గంతులేస్తూ ఆమె వైపు ఉరికారు. ఆమె బంతిని పొట్టకు అదుముకొని, కోర్టు మధ్యలో మోకాళ్ల మీద కూర్చొని, బాపూ అని అరిచింది. ఆ అరుపుకు గంతులేసే వాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆ స్టేడియంలో చాలామంది అది సంతోషం అనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

వాళ్ల సెంటర్ అమ్మాయి చేతులు కడుక్కునే దగ్గర నన్ను ఆపింది.

"మీ పొడుగు అమ్మాయికి ఏమైంది అక్కా? నన్ను ఒక్కసారి కూడ చూడలేదు," అంది.

చెప్పాను. ఆ అమ్మాయి నల్లా కట్టేయడం మరచిపోయింది.

కాగితాలకు చాలా నెలలు పట్టింది. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. ఆమెకు హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వచ్చింది, తండ్రి వచ్చేదాకా పోనంది. నేను డిగ్రీలో చేరాను. ఒకరోజు కబురొచ్చింది, వస్తున్నాడని. అంబులెన్సులో వాళ్లమ్మ, ఆమె, నేను శంషాబాద్ పోయాం. నన్ను ఎందుకు రమ్మందో అడగలేదు. బంతి ఆడని చోట ఆమెకు నేను ఎందుకు కావాలో నాకూ తెలియలేదు.

విమానాశ్రయం బయట చాలాసేపు నిలబడ్డాం. పెట్టెలు తోసుకుంటూ గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు, వాళ్ల మెడల మీద పడి ఏడ్చే పిల్లలు. చివరికి చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీలో ఉన్నది అరవై ఏళ్ల మనిషిలా కనిపించాడు. ఆయనకు యాభై కూడా లేవు. మూతి ఒక పక్కకు జారింది. వాళ్లమ్మ పరుగెత్తి కాళ్లు పట్టుకుంది. ఆయన ఆమెను గుర్తుపట్టాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, కళ్ల నీళ్లు కారాయి.

మోర్తాడ్ పిల్ల ముందుకు వచ్చి నిలబడింది. ఆటకు అడ్డమని జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. ట్రాక్ ప్యాంటు, పెద్ద బూట్లు. ఆయన తల ఎత్తి, ఎత్తి చూశాడు. పోలీసును చూసినట్టు చూశాడు. చూపు ఆమె మీద నుంచి జారి నా మీద ఆగింది. పొట్టిదాన్ని, జడ వేసుకొని ఉన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. ఎడమ చెయ్యి లేపి నా చెయ్యి పట్టుకున్నాడు. బిడ్డా అనబోయాడు. మాట సగమే వచ్చింది గాని అందరికీ అర్థమైంది.

నేను చెయ్యి విడిపించుకోబోయాను. "గామె... గామె నీ బిడ్డ..." అంటున్నాను.

"పట్టుకో అక్కా," అంది ఆమె నా వెనక నుంచి. "ఇడువకు. భయపడ్తడు."

శంషాబాద్ నుంచి మోర్తాడ్ దాకా అంబులెన్సులో ఆయన పక్కన నేను కూర్చున్నాను. చెయ్యి వదల్లేదు. ఆయన నిద్రపోయినా వేళ్లు వదల్లేదు. వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూర్చొని ఏడుస్తూ, అప్పుడప్పుడూ నా ముఖం చూసి తల దించుకుంది. మోర్తాడ్ పిల్ల, ముందు సీట్లో డ్రైవరు పక్కన, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు ఆనించి, వంగి కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలో ఆమె మెడ మాత్రం కనిపించింది. ఆ వీడియోలు, ఆ ఫోటో, హన్మకొండ, ఏవీ ఆయన దాకా పోలేదు. మంచం మీద పడి ఉన్న మనిషికి ఫోన్ ఎవరు చూపిస్తారు.

నెల తర్వాత ఆయన ఆమెను గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. పూర్తిగా కాదు. కొన్ని రోజులు కూతురని పోల్చుకుంటాడు, కొన్ని రోజులు ఎవరో నర్సమ్మ వచ్చిందనుకుంటాడు. ఆమె హాస్టల్‌కు పోయింది. ఆ తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. రాష్ట్రం దాటింది, సౌత్ జోన్ దాటింది, రైల్వేలో ఉద్యోగం వచ్చింది, ఇండియా క్యాంపుకు పిలిచారు. ఇప్పుడు దేశంలో ఆ ఆట ఆడే ఆడవాళ్లలో ఆమె ముందు నిలబడే మనిషి లేదని ఆట తెలిసినవాళ్లు అంటారు. నేను ఆర్మూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో గేమ్స్ టీచర్‌ని. నా పిల్లలకు ఆమె వీడియోలు చూపించి పాదం ఎలా తిప్పుతుందో చెబుతాను.

మొన్న ఎండాకాలం రెండు రోజుల సెలవుకు వచ్చింది. తండ్రిని చూసి, మధ్యాహ్నం నా స్కూలుకు వచ్చింది. పిల్లలంతా చుట్టూ చేరి ఫోటోలు దిగారు. వాళ్లు పోయాక ఇద్దరమే కోర్టు మీద మిగిలాం. ఎండ కాస్త తగ్గింది. బంతి తీసుకొని రింగుకు వీపు పెట్టి నిలబడి, "ఆపు సూద్దాం," అంది. నేను నవ్వుతూ వెనక నిలబడ్డాను. ఎడమ భుజం కదిలింది. ఆ భుజం నాకు తెలుసు. కుడికి పోయాను. ఎడమనుంచే తిరిగి వేసింది.

"గప్పటి లెక్కనే మోసం జేసినవ్," అన్నాను.

ఆమె నవ్వలేదు. బంతి దొర్లుకుంటూ పోతుంటే చూస్తూ నిలబడింది.

"ఎవ్వలు ఆపుతలేరక్కా," అంది. ఫిర్యాదు చేసినట్టుంది గొంతు. "ఇద్దరొచ్చినా, ముగ్గురొచ్చినా గంతే. ఎవ్వలన్న ఒక్కలు ఆపుతె మంచిగుండు అనిపిస్తది. ఆపుతె ఏడ్సుకుంట ఇంటికన్న పోదును."

"ఇంటికి నువ్వెప్పుడు రావాల్నంటె అప్పుడు రా. ఎవ్వలొద్దన్నరు?"

"ఇయ్యాల పొద్దుగాల బాపు నన్ను సూసి, అమ్మను అడిగిండు, ఎవ్వలు వచ్చిండ్రు అని. మాట ఇప్పుడు జర సాఫ్ అయింది గదా, మంచిగనే అడిగిండు. అమ్మ చెప్పింది. ఆఁ ఆఁ అన్నడు. కుర్సీ ఎయ్యమన్నడు నాకు."

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. భుజం దాకా అందలేదు. ఆమె పోయి బంతి తీసుకొచ్చి, ఇంకోసారి ఆపమంది. ఆపలేకపోయాను. మళ్లీ నిలబడమంది. నిలబడ్డాను.